ముట్లుడిగే వయసులో దిగులు, ఆందోళన – ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు



మీ ఇంట్లో నలభై, యాభై ఏళ్ళ మధ్య వయసున్న తల్లి గానీ, భార్య గానీ, అత్తగారు గానీ, అక్కగారు గానీ ఉన్నారా? అంతకన్నా చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవారు ఉన్నారా? కొంతకాలంగా ఆమె మునుపటిలా లేదని మీకు అనిపిస్తోందా? అయితే ఈ పాఠాన్ని తీరికగా చదవండి. చదువు రానివారు ఇంట్లో ఉంటే వారికి చదివి వినిపించండి.

కర్నూలు, కడప ప్రాంతపు పల్లెల నుండి ఆసుపత్రులకు వచ్చే కుటుంబాలలో తరచుగా జరిగే సంగతి ఒకటి ఉంది. నలభై అయిదేళ్ళ తల్లిని కొడుకు తీసుకొని వస్తాడు. ఆ రోజు కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని వచ్చి ఉంటాడు. "గుండె దడదడ కొట్టుకుంటాంది సార్. ఒళ్ళంతా ఆవిర్లు పోతాండాయి. రేత్రి కన్ను మూతపడదు" అని తల్లి చెబుతుంది. బి.పి. చూస్తారు, షుగర్ చూస్తారు, ఇ.సి.జి. తీస్తారు. అన్నీ బాగానే ఉంటాయి. "గుండెకు ఏ జబ్బూ లేదు" అని డాక్టరు చెబుతారు. కొడుకు చెవికి మాత్రం "జబ్బే లేదు" అని వినిపిస్తుంది. ఇంటికి వెళ్ళాక, "అంతా బాగుందన్నారు కదమ్మా, ఇంకేంటికి పండుకుంటావు?" అంటాడు. ఆ మాటతో ఆమె నోరు మూతపడుతుంది. దడ పోదు, ఆవిర్లు పోవు, నిద్ర రాదు. కానీ ఇక ఎవరికీ చెప్పుకోదు.

ఆ కొడుకు చెడ్డవాడు కాదు. తల్లి మీద ప్రేమ ఉన్నందువల్లే తీసుకువచ్చాడు. ఆమెకు వచ్చినది ఏమిటో అతనికి ఎవరూ వివరించి చెప్పలేదు, అంతే. అది వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

ముట్లుడగడం అంటే ఏమిటి?

స్త్రీ గర్భసంచికి రెండు వైపులా అండాశయాలు ఉంటాయి. అవి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లను తయారు చేస్తాయి. ఈ హార్మోన్ల వల్లనే నెలనెలా బహిష్టు వస్తుంది. వయసు పెరిగేకొద్దీ అండాశయాలు తమ పని తగ్గించుకుంటూ వచ్చి, చివరకు ఆపివేస్తాయి. వరుసగా 12 నెలలు బహిష్టు రాకపోతే ముట్లుడిగినట్లు లెక్క. దీనినే వైద్య పరిభాషలో మెనోపాజ్ అంటారు. మన దేశపు స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్ళ వయసులో వస్తుంది. పాశ్చాత్య దేశాలలో 51 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది.

ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. అంతకు ముందు కొన్నేళ్ళ పాటు బహిష్టులు క్రమం తప్పుతాయి. ఒక నెల ఎక్కువగా పోతుంది, రెండు నెలలు అసలు రాదు. ఈ మధ్య కాలంలో హార్మోన్లు నిలకడగా ఉండక, పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. మనసు మీద ఎక్కువ ప్రభావం పడేది ఈ కాలంలోనే. బహిష్టు ఇంకా వస్తూనే ఉంది కాబట్టి ఇది ఆ వయసు కాదని చాలామంది పొరబడతారు.

మన ప్రాంతంలో ఎందుకు ముందుగా వస్తోంది?

ఈ విషయంలో మన రాష్ట్రపు పరిస్థితి ప్రత్యేకమైనది. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు తొమ్మిది మంది. 2019–21 సర్వేలో కూడా మన రాష్ట్రం పరిస్థితి దాదాపు అలాగే ఉంది. వీరిలో చాలామందికి ఆపరేషన్ జరిగిన నాటికి నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

కారణాలు మీకు తెలియనివి కావు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే పెళ్ళి, ఇరవై అయిదేళ్ళలోపే పిల్లల ఆపరేషన్. ఆ తరువాత తెల్లబట్ట అవుతోందనో, బహిష్టు ఎక్కువగా పోతోందనో, నడుము నొప్పి అనో బాధపడతారు. నెలకు నాలుగైదు రోజులు పొలం పని మానుకుంటే జరుగుబాటు ఉండదు. "పిల్లలు పుట్టినారు గదా, ఇంక సంచితో పనేముంది, తీయించుకుంటే పీడ పోతుంది" అని ఇరుగుపొరుగు చెబుతారు. క్యాన్సర్ వస్తుందన్న భయం కూడా తోడవుతుంది. గడ్డలు, ఆగని రక్తస్రావం, క్యాన్సర్ వంటి వాటికి ఈ ఆపరేషన్ అవసరం కావచ్చు. అది ప్రాణం కాపాడుతుంది కూడా. కానీ మందులతో నయమయ్యే బాధలకు కూడా సంచి తీయించుకోవడం మంచిది కాదు. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు జారీ చేసింది. వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి ఎవరైనా ఈ ఆపరేషన్ చెప్పినప్పుడు, వేరే మార్గం ఉందా అని అడగడానికి, ఇంకొక డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి వెనుకాడవద్దు.

ఆపరేషన్ అయిపోయిన ఇంటివారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. సంచితో పాటు రెండు అండాశయాలనూ తీసివేసి ఉంటే, హార్మోన్లు కొద్దిరోజుల్లోనే ఒక్కసారిగా పడిపోతాయి. మామూలుగా అయిదారేళ్ళలో నెమ్మదిగా వచ్చే మార్పు ఆమెకు రాత్రికి రాత్రే వచ్చిపడుతుంది. అందువల్ల ఆవిర్లు, నిద్రలేమి, దిగులు తీవ్రంగా ఉంటాయి. అండాశయాలు ఉంచి సంచి మాత్రమే తీసి ఉంటే, హార్మోన్లు ఇంకా తయారవుతూనే ఉంటాయి. అయితే అవి కూడా కొందరిలో మామూలు కంటే ముందుగా ఆగిపోవచ్చు. సంచి లేదు కాబట్టి బహిష్టు రాదు. ఎప్పుడు ఆగిపోయాయో తెలుసుకునే గుర్తే ఆమెకు ఉండదు. 

కాబట్టి ఇంటికి వెళ్ళగానే ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెదకండి. పెట్టెలోనో, అటక మీదనో, రేషన్ కార్డుతో పాటు సంచిలోనో ఉంటుంది. డాక్టరు వద్దకు వచ్చినప్పుడు తప్పక తీసుకురండి. అండాశయాలు తీశారా, ఉంచారా అన్నది అందులో రాసి ఉంటుంది. చికిత్స చాలావరకు దాని మీదనే ఆధారపడుతుంది.

హార్మోన్లకూ మనసుకూ సంబంధమేమిటి?

ఈస్ట్రోజన్ గర్భసంచి కోసం మాత్రమే ఉన్నది కాదు. అది మెదడు మీద కూడా పని చేస్తుంది. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ వంటి రసాయనాలకు అది తోడ్పడుతుంది. శరీరపు వేడిని అదుపులో ఉంచే భాగం కూడా మెదడులోనే ఉంది. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు ఆ అదుపు తప్పుతుంది. ఉన్నట్టుండి ఛాతీ నుండి ముఖం దాకా వేడి ఆవిర్లు లేస్తాయి, చెమటలు పోస్తాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. రాత్రిపూట ఇదే జరిగితే నిద్ర చెడుతుంది. వారాల తరబడి నిద్ర లేకపోతే ఎంతటి గట్టి మనిషికైనా చికాకు, దిగులు, మరపు వస్తాయి.

2024లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు వివిధ దేశాలకు చెందిన 9 వేలకు పైగా స్త్రీల వివరాలను కలిపి పరిశీలించారు. ముట్లుడగడానికి ముందు వచ్చే ఈ మధ్య కాలంలో డిప్రెషన్ వచ్చే అవకాశం, అంతకు ముందు వయసుతో పోలిస్తే సుమారు 40 శాతం ఎక్కువని తేలింది. అంటే ఇది మన ఊరి ఆడవారి సోమరితనమూ కాదు, పట్టణపు ఆడవారి సోకూ కాదు. ఏ దేశపు స్త్రీకైనా రాగలిగినదే.

దీనికి మన బ్రతుకు కష్టాలు తోడవుతాయి. వాన రాక వేరుశనగ ఎండిపోతుంది, అప్పు మిగులుతుంది. కొడుకులు బెంగళూరుకో, హైదరాబాదుకో వెళ్ళిపోతారు. కడప వైపు కొన్ని ఇళ్ళలో భర్తో, కూతురో కువైట్‌లో ఉంటారు. ముసలివారైన అత్తమామల సేవ ఆమె మీదనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో, రేకుల ఇంట్లో, పొయ్యి ముందు కూర్చున్న స్త్రీకి లోపల నుండి కూడా వేడి లేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఏ లక్షణాలు గమనించాలి?

మన ప్రాంతపు స్త్రీలు "నాకు డిప్రెషన్ ఉంది" అని చెప్పరు. ఒంటి బాధగానే చెబుతారు. అందువల్ల వారి మాటలను జాగ్రత్తగా వినాలి.

ఆందోళన ఉన్నవారు చెప్పే మాటలు:
– గుండె దడ, ఆయాసం, గొంతులో ఏదో అడ్డం పడినట్లు ఉండడం
– చేతులు వణకడం, అరికాళ్ళు మంటలు, తల దిమ్ముగా ఉండడం
– ఏదో కీడు జరగబోతోందన్న భయం. కొడుకు ఫోను ఎత్తకపోతే కాలు నిలవకపోవడం
– చిన్న మాటకే ఉలిక్కిపడడం, కసురుకోవడం

దిగులు (డిప్రెషన్) ఉన్నవారిలో కనిపించేవి:
– "ఏంటికో ఏడుపొస్తాంది", "ఏ పనీ చేయబుద్ధి కాలేదు" అనడం
– తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం
– తిండి సయించకపోవడం, బరువు తగ్గడం. కొందరిలో అతిగా తినడం
– పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు, గుడికి, చర్చికి వెళ్ళడం మానుకోవడం
– తల దువ్వుకోవడం, స్నానం, చీర మార్చుకోవడం మీద శ్రద్ధ పోవడం
– "నా వల్ల మీకందరికీ కష్టమే", "నేను పోతే మీకు పీడ పోతుంది" అనడం

అందరికీ అన్నీ ఉండవు. ఇంట్లోనే తెలుసుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. మొదటిది: "రెండు వారాలుగా ఎక్కువ రోజులు మనసు దిగులుగా ఉంటోందా?" రెండవది: "మునుపు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడు చేయబుద్ధి కావడం లేదా?" ఈ రెండింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా, ఆమెను డాక్టరు వద్దకు తీసుకురావాలి. ఈ ప్రశ్నలు నలుగురిలో అడగకండి. సాయంకాలం ఆమె తీరికగా ఉన్నప్పుడు, పక్కన కూర్చొని మెల్లగా అడగండి.

ముందు చేయించవలసిన పరీక్షలు

ఈ వయసులో వచ్చే ప్రతి బాధనూ ముట్లుడగడం మీదకు నెట్టివేయడం కూడా పొరపాటే. ఇవే లక్షణాలు వేరే జబ్బులలో కూడా కనిపిస్తాయి.

1. రక్తహీనత: 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. దీని వల్ల దడ, ఆయాసం, నీరసం వస్తాయి.
2. థైరాయిడ్: ఈ గ్రంథి పని ఎక్కువైతే దడ, చెమటలు, తక్కువైతే మందకొడితనం, దిగులు వస్తాయి.
3. షుగర్, బి.పి., బి12 విటమిన్ లోపం: వీటిని కూడా చూడాలి.
4. గుండె: ముట్లుడిగిన తరువాత స్త్రీలలో గుండె జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. నడిచినప్పుడు ఛాతీలో బిగుతు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ నొప్పి పాకడం, చల్లని చెమటలు ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.
5. రక్తస్రావం: ఒక ఏడాది పాటు ఆగిన తరువాత మళ్ళీ రక్తం కనిపిస్తే, అది ఒక్క మరక అయినా సరే, స్త్రీల వైద్యురాలికి చూపించాలి. "ముట్టు మళ్ళీ వచ్చింది" అని ఊరుకోకూడదు.

కుటుంబ సభ్యులు ఏమి చేయాలి?

మందు డాక్టరు ఇస్తారు. కానీ ఆమెతో రోజంతా ఉండేది మీరు. సగం వైద్యం మీ చేతుల్లో ఉంది.

భర్తలకు: ఆమె కసురుకుంటే మీ మీద కోపంతో అని అనుకోకండి. నిద్ర లేని శరీరం అలా మాట్లాడిస్తుంది. ఇంకొక విషయం, సిగ్గుతో ఎవరూ అడగనిది. ఈ మార్పు వల్ల జననావయవంలో తడి తగ్గి కలయిక సమయంలో మంట, నొప్పి కలుగుతాయి. ఆమె దూరంగా ఉంటే ప్రేమ తగ్గిందనో, అనుమానంతోనో చూడకండి. దీనికి పూత మందులు ఉన్నాయి. డాక్టరును అడగవచ్చు. మీ తాగుడు ఆమె దిగులుకు ఒక కారణమైతే, ఆమె మందులతో పాటు మీ తాగుడుకు కూడా వైద్యం అవసరం.

కొడుకులకు, కూతుళ్ళకు: దూరాన ఉన్నవారు రోజూ ఒకే వేళకు ఫోను చేయండి. "తిన్నావా?" అని అడగడం మనకు అలవాటు. దానితో పాటు "రేత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అని కూడా అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులో ఆమె ఆరోగ్యం చాలావరకు తెలిసిపోతుంది.

కోడళ్ళకు, అత్తగార్లకు: "మాకు రాలేదా ఈ వయసు? మేం భరించలేదా?" అని పెద్దవారు అంటూ ఉంటారు. భరించారు, నిజమే. కానీ అందరి శరీరం ఒక్కటి కాదు. ఆనాడు ఎవరైనా ఆదుకొని ఉంటే బాగుండేదని మీకూ అనిపించి ఉంటుంది. ఆ ఆసరా ఈమెకు మీరు ఇవ్వండి. పొయ్యి దగ్గర పని ఒక పూట ఇంకొకరు చేస్తే ఆమెకు ఎంతో ఊరట.

అనకూడని మాటలు: "నటిస్తున్నావు", "పని తప్పించుకోవడానికే", "మనసు గట్టి చేసుకో, అదే పోతుంది", "గాలి సోకింది".

అనవలసిన మాటలు: "నీకు కష్టంగా ఉందని నాకు తెలుస్తోంది." "ఇది చాలామందికి వస్తుంది, తగ్గుతుంది." "ఆసుపత్రికి నేను తోడు వస్తాను." ఈ మూడవ మాట అన్నింటికన్నా విలువైనది. ఒంటరిగా రమ్మంటే ఆమె రాదు.

దేవుని ప్రార్థించడం, మొక్కు చెల్లించడం, దర్గాకు వెళ్ళడం ఆమెకు ధైర్యమిస్తే ఆపకండి. కానీ దెయ్యం పట్టిందని కొట్టడం, పొగ పెట్టడం, ఉపవాసాలు ఉంచడం మహా అపాయం. తాయెత్తు కట్టించినా, కట్టించకపోయినా, మందు మాత్రం మానకూడదు.

ఇంట్లో పాటించవలసినవి

నిద్ర: వేసవిలో గాలి తగిలే చోట, వీలైతే మిద్దె మీద పడుకోనివ్వండి. పలుచని నూలు చీర, పక్కన కుండ నీళ్ళు, తడి గుడ్డ ఉంచండి. మధ్యాహ్నం తరువాత టీ, కాఫీ వద్దు. పగలు అరగంటకు మించి పడుకోకుండా చూడండి.

ఆవిరి లేచినప్పుడు: కూర్చోబెట్టి, నెమ్మదిగా ఊపిరి పీల్చమనండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు బయటకు. అయిదు నిమిషాలు అలా చేస్తే దడ తగ్గుతుంది. మీరూ పక్కన కూర్చొని అలాగే చేయండి, ఆమెకు సులువవుతుంది.

నడక: పొలం పని చేసేవారికి వేరే వ్యాయామం ఎందుకని అడుగుతారు. పని చేసే రోజుల్లో అవసరం లేకపోవచ్చు. పని లేని రోజుల్లో ఎండ ఎక్కకముందే అరగంట నడక మంచిది. ఇరుగుపొరుగు అక్కచెల్లెళ్ళతో కలిసి నడిస్తే మాటల వల్ల కూడా మనసు తేలికపడుతుంది.

ఆహారం: ఈస్ట్రోజన్ తగ్గితే ఎముకలు కూడా బలహీనపడతాయి. మన రాగి సంగటి దీనికి మంచి ఆహారం. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు, మజ్జిగ, నువ్వులు, ఆకుకూరలు, పప్పు, గుడ్డు చేర్చండి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలినది తినే అలవాటును ఆమెతో మాన్పించండి. పొగాకు, బీడీ, నశ్యం మానాలి.

చికిత్స ఏమిటి?

మాటలతో చికిత్స (కౌన్సెలింగ్): శిక్షణ పొందినవారు ఆమె బాధలు విని, భయపు ఆలోచనలను ఎదుర్కొనే పద్ధతి నేర్పుతారు. తక్కువ స్థాయి దిగులుకు కొన్నిసార్లు ఇదే సరిపోతుంది.

దిగులు తగ్గించే మాత్రలు: ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటివి డాక్టరు ఇస్తారు. వీటి గురించి ఇంటివారు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇవి వేసిన రోజే పని చేయవు. రెండు వారాలకు మార్పు మొదలై, నాలుగు నుండి ఆరు వారాలకు బాగా తెలుస్తుంది. రెండు, మొదటి వారంలో వికారం, కొద్దిపాటి అలజడి ఉండవచ్చు, అవి తగ్గిపోతాయి. మూడు, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. నాలుగు, ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పిన ప్రకారం తగ్గించుకుంటూ రావాలి. ఈ రకపు మాత్రలలో కొన్ని ఆవిర్లను కూడా తగ్గిస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. కొన్ని మాత్రలు దానితో పడవు.

ఆదోని, ఆలూరు, కోసిగి వైపు నుండి మిరప కోతలకు గుంటూరు వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. సుగ్గికి పోయేటప్పుడు ఎన్ని వారాలు ఉంటారో డాక్టరుకు ముందే చెప్పి, అన్ని రోజులకు సరిపడా మాత్రలు రాయించుకోండి. మందుల చీటీ వెంట ఉంచుకోండి. మధ్యలో ఆగిపోయిన మందు వల్లనే చాలామందికి దిగులు తిరగబెడుతుంది.

హార్మోన్ చికిత్స: ఆవిర్లు తీవ్రంగా ఉన్నవారికి ఇది బాగా పని చేస్తుంది. ముఖ్యంగా 45 ఏళ్ళలోపు ముట్లుడిగినవారికి, అండాశయాలు తీసివేసినవారికి, సహజంగా ఆగే వయసు వచ్చేవరకు హార్మోన్లు ఇవ్వడం ఎముకలకు, గుండెకు కూడా మేలని నేటి వైద్యుల అభిప్రాయం. అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, కాళ్ళలో రక్తం గడ్డ కట్టినవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. పరీక్షించకుండా ఎవరూ వాడకూడదు.

నిద్రమాత్రలు: మందుల షాపులో అడిగి తెచ్చుకొనే అల్‌ప్రాజొలామ్ వంటి మాత్రలు దిగులును నయం చేయవు. కొన్ని వారాలకే అలవాటు పడతారు. డాక్టరు ఇచ్చినా కొద్దిరోజులకే ఇస్తారు.

ప్రాణాపాయ సూచనలు

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. "చచ్చిపోతే బాగుండు", "నేను లేకపోయినా మీరు బ్రతుకుతారు" అని ఆమె అంటే, మాట వరసకు అన్నదని కొట్టివేయకండి. ఉన్నట్టుండి నగలు, చీరలు పంచిపెట్టడం, పిల్లల బాధ్యత ఎవరికో అప్పగించినట్లు మాట్లాడడం, చాలాకాలం దిగులుగా ఉన్న మనిషి అకస్మాత్తుగా శాంతంగా మారడం – ఇవి కూడా సూచనలే.

సూటిగా అడగండి: "అమ్మా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. అది నిజం కాదు. అడిగేవారు దొరికితే లోపలి బరువు దిగుతుంది.

అవునంటే ఆమెను ఒంటరిగా వదలకండి. మన వ్యవసాయ కుటుంబాలలో పురుగుమందు ఇంట్లోనే, మంచం కిందనో, వాకిలి మూలనో ఉంటుంది. ఈ రోజే దానిని ఇంటి నుండి తీసివేయండి, లేదా తాళం వేసి తాళంచెవి మీ వద్ద ఉంచుకోండి. మిగిలిపోయిన పాత మాత్రలు, నిద్రమాత్రలు కూడా తీసివేయండి. ఆమె మాత్రలు ఏ రోజుకారోజు మీ చేతితో ఇవ్వండి. ఆ తీవ్రమైన తలంపు చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు ప్రమాదకరమైన వస్తువు అందుబాటులో లేకపోతే ఒక ప్రాణం నిలుస్తుంది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో కొందరు దాచిపెడతారు. 2018 మే నెల నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగా భావించాలి, శిక్షించకూడదు. కాబట్టి దాచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: పిల్లల ఆపరేషన్ వల్లనే ముట్లు త్వరగా ఆగిపోయాయా?
జవాబు: కాదు. ఆ ఆపరేషన్‌లో నాళాలను మాత్రమే మూసివేస్తారు. అండాశయాల పని ఆగదు.

ప్రశ్న: మనసు డాక్టరు వద్దకు వెళితే పిచ్చి అంటారేమో?
జవాబు: దిగులు, ఆందోళన పిచ్చి కావు. షుగర్‌కు, బి.పి.కి మందు వాడినట్లే వీటికీ వాడతాము. కూతురి పెళ్ళి సంబంధాలకు అడ్డవుతుందని తల్లి వైద్యం ఆపడం న్యాయం కాదు. డాక్టరు మీ విషయం బయట చెప్పరు.

ప్రశ్న: ఈ మాత్రలకు బానిసలవుతారా?
జవాబు: దిగులు తగ్గించే మాత్రలకు అలా కారు. అలవాటు పడేది నిద్రమాత్రలకు.

ప్రశ్న: ఇది ఎంతకాలం ఉంటుంది?
జవాబు: ఆవిర్లు కొందరిలో కొన్ని నెలలు, చాలామందిలో కొన్నేళ్ళు ఉంటాయి. దిగులు మాత్రం సరియైన చికిత్సతో కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది.

ఎక్కడ సహాయం దొరుకుతుంది?

ముందుగా మీ ఊరి ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెప్పండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలు, స్త్రీల వైద్య విభాగాలు ఉన్నాయి. ఆసుపత్రికి రావడానికి ఆమె ఇష్టపడకపోతే 14416కు ఫోను చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆమె తరఫున మీరు కూడా మాట్లాడవచ్చు.

గుర్తుంచుకోండి

1. పరీక్షలు బాగున్నాయంటే బాధ లేదని అర్థం కాదు.
2. గర్భసంచి తీయించుకున్న స్త్రీకి ఈ కష్టం ముప్పై అయిదేళ్ళకే రావచ్చు. డిశ్చార్జి కాగితం భద్రంగా ఉంచండి.
3. రెండు వారాలు దాటిన దిగులుకు వైద్యం కావాలి.
4. మందు మధ్యలో ఆపవద్దు.
5. పురుగుమందుకు తాళం వేయండి.

ముప్పై ఏళ్ళుగా మీ ఇంట్లో అందరికన్నా ముందు లేచి, అందరికన్నా చివర పడుకున్న మనిషి ఆమె. మీకు జ్వరం వచ్చిన రాత్రులన్నీ నుదుటి మీద తడిగుడ్డ వేసి కూర్చున్నది. ఇప్పుడు ఆమెకు మెలకువగా గడిచే రాత్రులు వచ్చాయి. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళి, కాసేపు ఆమె పక్కన కూర్చొని, "రేత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. ఆమె చెప్పేది చివరి దాకా వినండి.